చెఱువు ముందు, చదువు వెనుక

తాడేపల్లిగూడెమునుండి దక్షిణముగా గణపవరము మీదుగా సాగి, ఆకివీడు దాటి, కైకలూరు వైపునకు మరలిన బాటసారికి, వరిచేల నడుమ చేపల చెఱువులున్నవో, చేపల చెఱువుల నడుమ వరిచేలు మిగిలియున్నవో చెప్పుట కష్టము. గోదావరి పశ్చిమ డెల్టా కాలువల కొనలును, కొల్లేటి తూర్పుటంచును కలిసికొను ఈ పల్లపు సీమలో, ఏటేట ముంపునకు వెఱచి సార్వా పంటను దైవము మీద విడిచిపెట్టిన రైతు, ఒక్క తరము కాలములో కలకత్తా మొదలగు మహానగరములకు చేపలు పంపువాడై నిలిచెను. ఈ మార్పును గూర్చి వ్రాసినవారు చెఱువుల విస్తీర్ణమును, లారీల సంఖ్యను, లాభనష్టములను లెక్కించిరి గాని, ఆ చెఱువు ప్రక్కన నిలిచి నీటిని సీసాలో పట్టి చూచు మనుష్యుడు, అనగా మత్స్యశాస్త్రజ్ఞుడు, ఎక్కడ చదువుకొనెను, ఏమి చదువుకొనెను, ఆ చదువు ఈ గట్టునకు ఏ త్రోవను వచ్చెను అను ప్రశ్నను అంతగా పట్టించుకొనలేదు. ఆ త్రోవను వెదకి చూడగా నాకు తోచిన విషయ మొక్కటే: ఇతర విద్యలలో కళాశాల ముందు వెలసి, పిమ్మట అందలి పట్టభద్రులు పల్లెలకు చేరుట వాడుక కాగా, ఈ సీమలో చెఱువు ముందు పుట్టెను; దానికి తగిన చదువు చాల వెనుకగా, పరాయి రేవులెన్నో తిరిగి వచ్చెను.

శాస్త్రము రాకముందు ఇచట విద్య లేదని ఎవరును తలపరాదు. కొల్లేటి లంకలలోని వడ్డీలు తాటిదోనెలపై తిరుగుచు, మావులు పన్ని, కట్లు కట్టి, ఏ నెలలో ఏ నీటికి ఏ చేప ఎదురెక్కునో తరతరములుగా ఎఱిగినవారు. బుడమేరు, తమ్మిలేరులు వరదనీటిని తెచ్చి సరస్సును నింపుటయు, ఉప్పుటేరు దానిని సముద్రమునకు దిగవిడుచుటయు, వేసవిలో నీరు తీసిన మేర సేద్యము సాగుటయు వారికి కంఠస్థమైన విషయములు. కొఱ్ఱమీను, మార్పు, ఇంగిలాయి వంటి చేపలు గాలిని పీల్చి బురదలోనైనను బ్రతుకునని పుస్తకములు చెప్పకముందే వారు చెప్పగలిగియుండిరి. అయితే ఆ విద్యకు పట్టము లేదు, పదవి లేదు. శాస్త్రము వచ్చిన తరువాత కూడ చాలకాలము దానిని అడిగి తెలిసికొన్నవారు లేరు.

మన తీరపు చేపలు పాశ్చాత్య శాస్త్రగ్రంథములలో చోటు సంపాదించుట మొదట ఒక వైద్యుని మూలమున జరిగెను. ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశీయుడు, 18వ శతాబ్దపు చివరి పాదమున తూర్పు ఇండియా కంపెనీ కొలువులో ప్రకృతి పరిశోధకుడుగా నుండి, విశాఖపట్టణపు జాలరులు తెచ్చిన చేపలను చిత్రింపజేసి, వర్ణించి, 1803లో రెండువందల చేపల గ్రంథమును లండనులో ప్రకటించెను. ఆయన జాలరుల నోట విన్న పేళ్లనే వ్రాసికొనెను గనుకను, వానిలో కొన్నిటిని ఫ్రెంచి పండితుడైన కువియే శాస్త్రనామములుగా స్వీకరించెను గనుకను, కానాగంత చేప నేటికిని ప్రపంచమంతట మన జాలరు లిచ్చిన పేరుతోనే చెల్లుచున్నది. ఆ పిమ్మట 1822లో ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ గంగానది చేపలపై గ్రంథము వెలువరించి, నేడు మన చెఱువులలో పెరుగు శీలావతిని, బొచ్చెను, ఎఱ్ఱమోసును శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. మద్రాసు సైన్యమున వైద్యుడైన ఫ్రాన్సిస్ డే 1875 మొదలు 1878 వరకు వెలువడిన బృహద్గ్రంథముతో భారతదేశపు మత్స్యజాతులన్నిటికి ఒక జాబితా ఏర్పరచెను. ముగ్గురును వైద్యవిద్య నభ్యసించినవారే. చేపల చదువు అను ప్రత్యేక విద్య లోకమున ఇంకను స్థిరపడని కాలమది. చచ్చిన చేపను సారాయి సీసాలో నిలిపి, రెక్కల ముండ్లు లెక్కించి, జాతిని నిర్ణయించుటయే నాటి శాస్త్రజ్ఞుని పని. ఆ చేప ఏమి తినును, ఎంత కాలమున ఎంత బరువగును అను ప్రశ్నలు అతనివి కావు.

చేపను జనుల ఆహారముగాను, జాలరి జీవనోపాధిగాను చూచు ప్రభుత్వదృష్టి 20వ శతాబ్దారంభమున గాని రాలేదు. 1897లో మత్స్యచట్టము పుట్టినను, అది ప్రధానముగా నీటిలో విషము కలుపుటను, ప్రేలుడు పదార్థములు వాడుటను నిషేధించుటకు ఉద్దేశింపబడినది. 1905లో మద్రాసు ప్రభుత్వము సర్ ఫ్రెడరిక్ నికల్సన్‌ను మత్స్యపరిశ్రమ పరిశీలనకు నియమించెను. 1907లో మత్స్యశాఖ ఏర్పడెను. ఈ నికల్సన్ మన దేశమున సహకార పరపతి సంఘముల భావనకు మూలపురుషుడని ప్రసిద్ధి కెక్కిన సివిల్ ఉద్యోగి. అతనికి చేప కంటె చేపపట్టువాని అప్పు ముందుగా కనబడుటలో వింత లేదు. అతని వెనుక ఆ శాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్, ముత్యపు చిప్పలను, శంఖములను, పడవల నిర్మాణమును శ్రద్ధగా పరిశీలించినవాడు. ఆ శాఖవారు కృష్ణా గోదావరుల బొచ్చెపిల్లలను దక్షిణమునకు కొనిపోయి కావేరిలో వదలి, అంతకుముందు లేని చేపను అచట నిలువజేసిరి. మన నదుల చేప మద్రాసు శాస్త్రమునకు తొలినాటి విజయమును సమకూర్చెను; మన సీమకు మాత్రము ఆ శాస్త్రము నాడు పెద్దగా తిరిగి యిచ్చినది లేదు. శాఖలో చేరు యువకుడు జంతుశాస్త్రమున పట్టము పొంది, కొలువులో చేరిన పిమ్మట పై అధికారి వెంట తిరిగి పని నేర్చుకొనవలసినదే.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపితమై వాల్తేరున స్థిరపడిన పిమ్మట, తెలుగు విద్యార్థికి ఈ జంతుశాస్త్రము తన నేల మీదనే లభించెను. అందును సముద్రము కన్నులయెదుటనే యుండుటచే, ఆచార్య పి. ఎన్. గణపతి మున్నగువారి నాయకత్వమున సముద్రజీవశాస్త్రము అచట బలముగా వేళ్లూనెను. 1950 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికా దేశపు సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ వచ్చి బోధించుటతో సముద్రపు ప్రవాహములను, ఉష్ణోగ్రతలను కొలుచు పద్ధతులు కూడ అందినవి. అలల మీద పరిశోధన చేసిన పట్టభద్రులు పెక్కురు వెలువడిరి. గణపవరమునకో, ఏలూరునకో చెందిన పిల్లవాడు అచట చదివిన యెడల, నక్షత్రమత్స్యము యొక్క అంగవిభజన క్షుణ్ణముగా నేర్చి, తన యూరి చెఱువులోని బొచ్చె ఎప్పుడు గ్రుడ్లు పెట్టునో తెలియకయే తిరిగివచ్చుట సంభవించెడిది. ఇది ఆ ఆచార్యుల లోపము కాదు. మంచినీటి చేపను పెంచదగిన పైరుగా ఎంచు ఆలోచన నాటి విశ్వవిద్యాలయములలో ఎచటను బలపడలేదు.

స్వాతంత్ర్యమునకు కొలది మాసములు ముందు, 1947లో, రెండు కేంద్ర పరిశోధనాలయములు పుట్టెను: ఫిబ్రవరి 3న మద్రాసులో సముద్రమత్స్యములకు, మార్చి 17న కలకత్తాలో దేశాంతర్గత జలముల మత్స్యములకు. రెండవది బారక్‌పూరులో స్థిరపడి, 1949లో కటకమున చెఱువు పెంపకమునకు ప్రత్యేక శాఖను తెఱచెను. మన సీమ చెఱువులకు నిజమైన విద్యాపీఠము ఈ కటకపు శాఖయే యని నా అభిప్రాయము. జంతుశాస్త్రమున ఎం.ఎస్‌సి. పొందిన తెలుగు యువకులు పరిశోధకులుగా బారక్‌పూరునకో కటకమునకో పోయి, అచటి నీళ్లలో దిగి, ఏండ్లకొలది పనిచేసి నేర్చుకొనిరి. హుగ్లీ నదీముఖపు రొయ్యల సంతానోత్పత్తిపై 1961లో పరిశోధనము ప్రకటించిన టి. రాజ్యలక్ష్మి వంటి స్త్రీలు కూడ ఆ రంగమున నిలిచిరనుట నాటి కాలమునకు చెప్పుకొనదగిన విషయము.

ఆ కటకపు సంప్రదాయమున జరిగిన ఒక ప్రయోగమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. అది లేనిచో కొల్లేటి చుట్టు నేడున్న చెఱువులలో నూటికి ఒక్కటైన ఉండెడిది కాదేమో. శీలావతి, బొచ్చె, మోసు జాతులు నిలువనీటిలో పెరుగును గాని గ్రుడ్లు పెట్టవు. వర్షాకాలపు వరదలలో, పారునీటిలోనే అవి సంతానము కనును. కావున చేపపిల్ల కావలసినవారు నదిలో వలలు పన్ని, వచ్చిన పిల్లనెల్ల ఎత్తి, అందు ఏది మేలుజాతియో ఏది కలుపుజాతియో తెలియక, చెఱువులో వదలుకొనెడివారు. చేప మెదడు క్రింద నుండు పీయూషగ్రంథి రసమును సూదిమందుగా ఎక్కించి, నిలువనీటిలోని చేపచేతనే గ్రుడ్లు పెట్టింపవచ్చునను భావన అంతకుముందు దక్షిణ అమెరికాలో మొలకెత్తియుండెను. 1957 జూలై 10న ఒడిస్సాలోని అంగూలులో హీరాలాల్ చౌధురి ఈ పద్ధతిచే మన పెంపుడుజాతి చేపల చేత గ్రుడ్లు పెట్టించి కృతకృత్యుడయ్యెను; కె. హెచ్. అలికున్హి ఆ పరిశోధనకు తోడునీడగా నుండెను. ముదిరిన చేప తల చీల్చి, గింజయంత గ్రంథిని తీసి, ఆల్కహాలులో నిలువచేసి, నూఱి, నీట కలిపి, పై తేటను మాత్రము తీసి, తల్లిచేపకు రెండు మారులును, పోతుచేపకు ఒక మారును, తోకమొదట కండలోనికి ఎక్కించుట. సాయంసమయమున వానిని గుడ్డతో కుట్టిన పెట్టెవంటి హాపాలో విడుచుట. కొలది గంటలకే గ్రుడ్లు, మఱునాటికి పిల్లలు! ఇందు పెద్ద యంత్ర మేదియు లేదు. నేర్పును ఓర్పును గల చేయి కావలెను. అందుచేతనే ఈ విద్య ప్రయోగశాల గోడలు దాటి, పదవ తరగతి కూడ చదువని హేచరీ పనివానికి సైతము అందెను. కైకలూరు, భీమవరము ప్రాంతముల హేచరీలలో గుండ్రని సిమెంటు తొట్లలో నీటిని త్రిప్పి గ్రుడ్లు పొదిగించు చైనా పద్ధతియు, గ్రంథికి బదులు సీసాలలో వచ్చు కృత్రిమ హార్మోనును పిమ్మట దీనికి చేరినవి. 2001 మొదలు జూలై 10ని దేశమంతట మత్స్యరైతు దినముగా పాటించుచున్నారు.

శాఖాధికారుల చదువునకు ఒక క్రమము ఏర్పడుట 1961లో బొంబాయిలో కేంద్ర మత్స్యవిద్యా సంస్థ వెలయుటతో మొదలయ్యెను. రాష్ట్రముల మత్స్యశాఖలలో పనిచేయు ఉద్యోగులు అచట రెండేండ్లు చదివి డిప్లొమా పొంది వచ్చెడివారు. ఆ సంస్థకు తరువాతి కాలమున కాకినాడలో ఒక కేంద్రము నిలువగా, మన తెలుగు ఉద్యోగులకు మార్గము దగ్గఱయ్యెను; ఆ సంస్థ 1989లో విశ్వవిద్యాలయముతో సమాన ప్రతిపత్తి పొందెను. తాడేపల్లిగూడెమునకు చేరువనున్న బాదంపూడిలో ప్రభుత్వపు చేపపిల్లల క్షేత్రమును, శిక్షణయును, ఉండిలో మత్స్యపరిశోధన స్థానమును ఏర్పడి, ఈ సీమకు శాస్త్రము కొంత సమీపించెను. కేంద్ర పరిశోధనాలయములు 1967లో భారత వ్యవసాయ పరిశోధన మండలి పాలనలోనికి పోయెను; 1975లో వ్యవసాయ పరిశోధన సర్వీసు ఏర్పడి, శాస్త్రజ్ఞుని నియామకము దేశవ్యాప్తమైన పోటీపరీక్ష మీద ఆధారపడెను; 1976లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ ఆ పరీక్షలో నెగ్గినవారికి తొలి శిక్షణాలయ మయ్యెను. దీనితో మత్స్యశాస్త్రజ్ఞుడు అను పేరు ఒక ఉద్యోగపు నిచ్చెనయందు స్థిరమైన మెట్టుగా మారెను. 1975లో వెలువడిన వి. జి. ఝింగ్రన్ గ్రంథము, భారతదేశపు చేపలను, వాని పరిశ్రమను ఒక్కచోట చేర్చి, పోటీపరీక్ష వ్రాయు ప్రతి విద్యార్థి చేతికి ఎక్కెను.

ఈ తరమునకు చెందిన తెలుగువారిలో ఒక్కరి జీవితమును చెప్పవలసివచ్చినచో, అది బాపట్లలో 1939లో జన్మించిన మోదడుగు విజయగుప్త గారిది. 1960 తరువాతి తొలి సంవత్సరములలో వ్యవసాయ పరిశోధన మండలిలో చేరి, 1971లో ప్రారంభమైన మిశ్రమ మత్స్యసేద్యపు అఖిలభారత సమన్వయ పథకమున ఆయన పనిచేసెను. మన మూడు జాతులతో పాటు వెండిచేప, గడ్డిచేప, బంగారుతీగ అను మూడు పరదేశపు జాతులను ఒకే చెఱువున కలిపి పెంచినచో, పైనీటి మేతను ఒకటియు, నడినీటి మేతను ఒకటియు, అడుగు మేతను ఒకటియు, గడ్డిని ఒకటియు తిని, నీటిలోని ఏ భాగమును వ్యర్థము కాకుండ చేయునని ఆ పథకపు సిద్ధాంతము. ఆ అనుభవముతో ఆయన లావోసు మున్నగు మెకాంగు నదీతీర దేశములలోను, పిమ్మట బంగ్లాదేశములోను పనిచేసెను. బంగ్లాదేశములో ఆయన చూపిన బుద్ధి నాకు మిక్కిలి నచ్చును: పెద్ద చెఱువు లేని పేదవాని కొఱకు, ఇంటి ప్రక్క మట్టి తీయగా ఏర్పడిన గుంటను, బాట ప్రక్క కాలువను, ఏడాదిలో కొలది నెలలే నీరుండు మడుగును ఎంచుకొని, ఆ కొద్దికాలములోనే పెరుగు చేపను వానిలో వదలించి, ఆ పనిని గృహిణుల చేతికి అప్పగించెను. 2005లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతియు, 2015లో సున్‌హాక్ శాంతి బహుమతియు, 2023లో పద్మశ్రీయు లభించినవి. విదేశములందలి పేదల గుంటలలో ఆయన పేరు మ్రోగుచున్న ఆ సంవత్సరములలోనే, ఆయన పుట్టిన యూరికి ఈశాన్యమున, కృష్ణ కావలి దరిని, పెద్ద పెట్టుబడితో, పెద్ద చెఱువులతో వేఱొక మత్స్యసేద్యము బలిసినదనుట విచిత్రము.

ఆ సేద్యము మొదలైన విధ మిది. 1970 తరువాతి దశాబ్దపు ఉత్తరార్ధమున ప్రభుత్వము కొల్లేటిలో మత్స్యకార సహకార సంఘములకు చెఱువులు త్రవ్వించెను. వాని ఫలము చూచిన చుట్టుప్రక్కల రైతులు, 1980 తరువాత, మునుగు పొలములకు గట్లు వేసి చెఱువులుగా మార్చిరి. మొదటి సంవత్సరములలో వారు శాస్త్రము చెప్పినట్లే ఆరు జాతులను వదలిరి. పిమ్మట లెక్క చూచికొనిరి. చేపను కొనువాడు హౌరా బజారులో నున్నాడు. మంచుతో కలిపి పెట్టెలలో నింపి లారీలలో పంపిన చేపలో, అతడు శీలావతికి, బొచ్చెకు ఇచ్చు ధర వెండిచేపకు ఈయడు. కావున రైతు ఆరు జాతుల సిద్ధాంతమును ప్రక్కన పెట్టి, చెఱువునిండ శీలావతిని, దాని నడుమ కొంత బొచ్చెను మాత్రమే పెంచసాగెను. నీటిలో మేతను పంచుకొను జాతులు లేనప్పుడు పైనుండి మేత వేయక తప్పదు గదా! డెల్టాలో మిల్లులకు కొదువ లేదు గనుక నూనె తీసిన తవుడు సమృద్ధిగా దొరకెను. దానికి వేరుశనగ చెక్కయో, పత్తిచెక్కయో కలిపిరి. దానిని నీటిపై చల్లినచో సగము కరగి పోవుచుండగా, సంచి అడుగున వరుసలుగా చిల్లులు పొడిచి, మేతతో నింపి, నీటిలో పాతిన వెదురుకఱ్ఱలకో, చెఱువునకు అడ్డముగా కట్టిన త్రాళ్లకో వ్రేలాడదీసిరి. చేప వచ్చి చిల్లునొద్ద మూతి పెట్టి తనకు వలసినంత లాగుకొనును. సాయంకాలమునకు సంచి ఎంత ఖాళీయైనదో చూచి, చేప ఆకలిని, ఆరోగ్యమును రైతు ఊహించును. ఆకలి తగ్గెనా, నీటిలోనో చేపలోనో ఏదో తేడా వచ్చినదన్నమాట.

అంతేకాదు. చేపపిల్లను వెంటనే పెద్దచెఱువులో వదలక, ఇఱుకు చెఱువులో దట్టముగా ఉంచి, మేత తగ్గించి, ఏడాదిపాటు కుదించి నిలిపి, ఆ పిమ్మట విశాలమైన నీటిలో వదలినచో, అది అణగియున్న పెరుగుదలనంతను ఒక్కమారుగా చూపునని వారు కనుగొనిరి. ఈ రెండు పద్ధతులను పట్టుకొని హెక్టారునకు 8 టన్నుల వరకు చేప తీయు రైతులను చూచుటకు శాస్త్రజ్ఞులు వచ్చిరి. చూచి, కొలిచి, వ్రాసికొని పోయిరి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో చేపల మేతలపై వెలువరించిన గ్రంథములో ఆంధ్రదేశపు సంచిమేత వర్ణితమైనది. గురువు శిష్యునొద్ద నేర్చుకొన్న సందర్భము శాస్త్రచరిత్రలో క్రొత్త గాదు; ఇంత విరివిగా, ఇంత బహిరంగముగా జరిగినది మాత్రము అరుదు. రైతుకు తెలియని సంగతులు లేకపోలేదు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెఱచినప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గినదని గుర్తించి ఏరేటరు త్రిప్పుట అతడు నేర్చెను గాని, అంతకు రెండు దినములు ముందే నీటి రంగునుబట్టి, క్షారతనుబట్టి, అమ్మోనియానుబట్టి ఆ స్థితిని పసిగట్టుటకు శాస్త్రమే కావలెను. జాతిని మెఱుగుపఱచుటయు శాస్త్రజ్ఞుని పనియే: నార్వే దేశపు సహకారముతో 1992లో భువనేశ్వరము చెంతనున్న కౌసల్యాగంగలోని పరిశోధన సంస్థలో ఆరంభమైన ఎంపిక ప్రజననము వలన, తరమునకు సుమారు 17 శాతము చొప్పున పెరుగుదల హెచ్చిన శీలావతి వంశము ఏర్పడి, 1997లో జయంతి అను పేర రైతులకు అందెను. విజయవాడ దాపున పెనమలూరులోని ప్రాంతీయ కేంద్రము ఆ సంస్థ శాఖయే.

ఇక మత్స్యశాస్త్రమునకే అంకితమైన కళాశాల సంగతి. దేశమున మొదటిది 1969లో మంగుళూరులో వెలసెను. జంతుశాస్త్రమునకు అనుబంధముగా కాక, నీటిరసాయనము, మేత, వ్యాధులు, వలలు, నిలువ, ఆర్థికము అన్నియు కలిపి నాలుగేండ్ల స్వతంత్ర పట్టము బి.ఎఫ్.ఎస్‌సి. అచట రూపొందెను. అచట చదివిన ఎస్. అయ్యప్పన్ 2010లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మహాసంచాలకుడైన తొలి మత్స్యశాస్త్రజ్ఞుడు. తూత్తుకుడిలో 1977లో అట్టి కళాశాలయే వచ్చెను. చేపల ఉత్పత్తిలో అగ్రస్థానమునకు పరుగిడుచున్న ఆంధ్ర ప్రదేశమునకు 1991 వరకు అట్టిది లేదు. వచ్చినప్పుడును కొల్లేటి సీమకు రాక, నెల్లూరు జిల్లా ముత్తుకూరున, రొయ్యల తీరమున వెలసెను. తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెమున 2007లో ఉద్యానవిద్యకు ఏకముగా విశ్వవిద్యాలయమే వచ్చినది గాని, ఆ ప్రక్కనే తవుడు సంచులు వ్రేలాడుచున్న వేల ఎకరాల నీటికి ఆ భాగ్యము అప్పటికి కలుగలేదు. ఆ నడిమి కాలమున కావలి పోస్టుగ్రాడ్యుయేటు కేంద్రము, నాగార్జున విశ్వవిద్యాలయము మున్నగునవి జలసేద్యమున ఎం.ఎస్‌సి. నేర్పి కొఱత తీర్చుటకు యత్నించినవి. భీమవరము, ఏలూరు కళాశాలలలో జంతుశాస్త్రము చదివిన బి.ఎస్‌సి. విద్యార్థులే నిజమునకు ఆ రోజులలో ఈ చెఱువుల భారము మోసిరి. ఈ రెండు మార్గముల వారిలో ఉద్యోగమునకు అసలైన అర్హు లెవరను వివాదము నాటినుండియు ఉన్నది. నాలుగేండ్ల పట్టమునకు విస్తృతి యెక్కువ, విశ్వవిద్యాలయపు ఎం.ఎస్‌సి.కి ఒక విషయమున లోతు ఎక్కువ యని తేల్చి నేను తప్పుకొందును.

వ్యాధులు రాగానే ఈ వృత్తికి క్రొత్త గిరాకి పుట్టెను. 1988లో ఈశాన్య భారతమున ప్రవేశించిన పుండ్ల వ్యాధి కొద్ది సంవత్సరములలో మన చెఱువులకు చేరి కొఱ్ఱమీనుల వంటి నాటు చేపలను దుంపనాశనము చేసెను. 1994–95లో తెల్లమచ్చల వ్యాధి టైగరు రొయ్యలను తుడిచిపెట్టెను. అంతవరకు నీటి పరీక్షకే పరిమితమైన ల్యాబులలో వైరసును గుర్తించు పి.సి.ఆర్. యంత్రములు వెలసెను. గణపవరము, ఆకివీడు, భీమవరములందు చేపల మందుల దుకాణములు వరుసగా తెఱచుకొనెను. దుకాణము ముందు కన్సల్టెంటు, వెనుక ల్యాబు. మేత కంపెనీల తరపున గట్టు వెంట మోటారుసైకిలుపై తిరుగు టెక్నీషియను రైతునకు ప్రభుత్వాధికారి కంటె ఎక్కువ పరిచితుడయ్యెను. ఈ విధానమున ఒక దోషము కలదు. మందు అమ్మువాడే రోగము నిర్ణయించుచున్నచోట, మందు అక్కఱలేదని చెప్పు శాస్త్రమునకు చోటు తక్కువ.

ఇంతకంటె గంభీరమైన చిక్కు సరస్సునకు సంబంధించినది. 1999లో కొల్లేటిలో ఐదవ కాంటూరు వరకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటితమయ్యెను. 2002లో రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో చేరెను. 2006లో ఆ మేరలోని చెఱువుల గట్లను ప్రభుత్వము యంత్రములతోను, ప్రేలుడు పదార్థములతోను పగులగొట్టించెను. ఆటపాకలో గూడబాతులను లెక్కించు పక్షిశాస్త్రజ్ఞుడును, ఉండిలో చేప బరువు తూచు మత్స్యశాస్త్రజ్ఞుడును ఒకే నీటిని చూచుచు, ఒకరి భాష మఱియొకరికి తెలియనట్లు నడచుకొనిరి. ఉత్పత్తిని హెచ్చించుటయే పరమార్థముగా నలువదేండ్లు బోధింపబడిన విద్యకు, ఎచట ఉత్పత్తిని ఆపవలెనో చెప్పు పాఠము లేకపోయెను. పగులగొట్టబడిన చెఱువులలో వడ్డీల సహకార సంఘములవియు ఉండెను. తరతరముల విద్య గలవారు, నష్టపరిహారపు దరఖాస్తులతో కార్యాలయముల చుట్టు తిరిగిరి. ఆ పిమ్మట కాంటూరును కుదింపవలెనా అను ప్రశ్నపై ఏర్పడిన అజీజ్ సంఘమునకు పక్షులను, జలములను ఎఱిగిన పర్యావరణ శాస్త్రజ్ఞుడు అధ్యక్షుడు.

2006లోనే జాతీయ మత్స్యాభివృద్ధి మండలి హైదరాబాదున స్థాపితమయ్యెను. దాని కార్యాలయమును చేప ఆకారముననే కట్టిరి గనుక, చిరునామా అడుగువారికి ఇబ్బంది లేదు. 2019లో గ్రామ సచివాలయములతో పాటు గ్రామ మత్స్యసహాయకుల పదవులు ఏర్పడి, డిప్లొమా, పట్టములు గల యువకులు, యువతులు మొదటిమారు గ్రామస్థాయిలో ప్రభుత్వోద్యోగులైరి. కృష్ణాజిల్లా భావదేవరపల్లిలోని మత్స్య పాలిటెక్నికు వంటివానిలో చదివినవారికి ఇది ఎదురుచూచిన ద్వారము. 2020లో ఆంధ్ర ప్రదేశ్ మత్స్య విశ్వవిద్యాలయమునకు శాసనము చేయబడి, 2022 నవంబరులో నర్సాపురమున శంకుస్థాపన జరిగెను. కొల్లేటి చెఱువులు మొదలైన సుమారు నలువదియైదేండ్లకు ఈ డెల్టాకు తన విశ్వవిద్యాలయము పేరు దక్కెనన్నమాట. ఇందు చేరు విద్యార్థులలో పెక్కురు చెఱువు రైతుల బిడ్డలే యగుదురు. సంచిమేతను, పిల్లను కుదించుటను వారికి క్రొత్తగా బోధింప నక్కఱలేదు. కావున ఈ విశ్వవిద్యాలయములో ముందుగా బలపఱుపవలసిన శాఖ చెఱువు పెంపకపు శాఖ కాదని, కొల్లేటి వంటి సహజజలముల శాఖ యని నా తలంపు. ఉప్పుటేటి పూడిక ఎంత, వేసవిలో ఉప్పునీరు ఎంతవరకు ఎగదన్నుచున్నది, చెఱువుల నుండి విడుచు మురుగునీరు ఏ డ్రెయిను ద్వారా సరస్సునకు చేరుచున్నది, నాటు జాతులలో ఏవి మిగిలినవి అను లెక్కలను ఏటేట తీయుటకు, వడ్డీల పెద్దలను వేతనమిచ్చి తోడు చేర్చుకొని, నాలుగేండ్ల పట్టములో ఒక్క వర్షాకాలమైనను ప్రతి విద్యార్థిని దోనె మీద కొల్లేటిలోనికి పంపవలెను.